మత్తు దిగిన మధ్యాహ్నం

"వచ్చావా తల్లీ! రా, వచ్చి చూడు నీ నొప్పి తెలియని ఆపరేషను!"

గుమ్మానికి అడ్డంగా నిలబడి ఆడపడుచు అన్న మాట అది. జవాబు చెప్పాలంటే ముందు కోడలికి ఊపిరి ఉండాలి కదా. నాలుగంతస్తుల మెట్లు ఎక్కి వచ్చింది. లిఫ్టు ఆగిపోయి ఆరు రోజులైంది. ఆవిడ మొగుడే లిఫ్టు మెకానిక్కు కావడం వల్ల ఆ ఇంట్లో ఎవరూ ఆ సంగతి ఎత్తరు.

ఆపరేషన్ థియేటర్లో మూడో కేసుకి పరికరాలు సర్దుతుంటే ఫోను వచ్చింది. "అమ్మ మెలికలు తిరిగిపోతోంది" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేసింది ఆడపడుచు. పెద్ద సిస్టర్ని బతిమాలుకొని, చేతి తొడుగులు ఊడబీకి, ఉన్నపళాన బయల్దేరింది కోడలు. బస్సులో ఎదుటి సీటామె తన కాళ్లవంకే ఎందుకు చూస్తోందో దిగేదాకా అర్థం కాలేదు. థియేటరు రబ్బరు చెప్పులతోనే వచ్చేసింది.

"కాస్త జరగండి వదినా."

"జరుగుతా. జరగక చేసేదేముంది నేను!"

ముందు గదిలోనే మంచం. ఆ గదే అత్తగారి కుట్టుగది కూడా. కిటికీ పక్కన మిషను, దాని పక్కన కత్తిరింపు బల్ల, మూలన తల లేని బొమ్మకి తొడిగిన హోటలు వెయిటరు కోటు. మంచం మీద అత్తగారు మెలికలేమీ తిరగడం లేదు. కదలకుండా, కర్రలా బిగుసుకొని, పైకప్పు చూస్తూ పడుకుంది. పై పెదవి మీద చెమట. మెలికలకంటే ఆ కదలకపోవడమే కోడల్ని ఎక్కువ భయపెట్టింది. పొట్ట లోపల తేడా వచ్చినవాళ్లే ఇలా కదలకుండా పడుకుంటారని థియేటర్లో పదేళ్లు పనిచేసిన మనిషికి తెలుసు.

"ఎలా ఉంది అత్తయ్యా?"

"బానే ఉన్నా. నువ్వెందుకు డ్యూటీ వదిలేసి వచ్చావ్?"

ఈవిడ బాగుండటం జగమెరిగిందే. కత్తెర జారి పాదం మీద పడ్డ రోజూ బానే ఉంది. పిత్తాశయంలో రాళ్లున్నాయని తేలేదాకా రెండేళ్లు డొక్క పట్టుకొని మిషను తొక్కింది, అప్పుడూ బానే ఉంది. ఆ నోటి నుంచి 'నొప్పి' అన్న మాట ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. విననివ్వడం ఆవిడకి నామోషీ.

కోడలు అత్తగారి మణికట్టు పట్టుకొని, గోడ గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టింది. నూట నాలుగు. థర్మామీటరు పెట్టింది. తొంభై తొమ్మిది దాటింది, వంద లేదు. అటూ చెప్పదు, ఇటూ చెప్పదు. గౌను కాస్త పైకెత్తి చూసింది. నిన్నటి ఆపరేషను రంధ్రాల మీద నాలుగు చిన్న పట్టీలు, నాలుగూ పొడిగానే ఉన్నాయి. కుడి పక్కటెముకల కింద మెల్లగా వేళ్లు ఆన్చింది. అత్తగారు కిక్కురుమనలేదు. కానీ కాలివేళ్లు ముడుచుకున్నాయి.

లోపల నిజంగానే గట్టిపడిందా, నొప్పికి ఆవిడే బిగబట్టిందా? వేళ్లకి తెలియలేదు.

"మాత్రలు వేశారా వదినా?"

అడగకూడని ప్రశ్న అడిగినట్టు ఆడపడుచు ఒంటికాలి మీద లేచింది. ఆవిడ బడిపంతులమ్మ. ఇరవై రెండేళ్లుగా పిల్లల హాజరు వేసిన చెయ్యి. గబగబా వెళ్లి చిన్న నోటుబుక్కు తెచ్చి కోడలి మొహం ముందు తెరిచింది.

"నిన్న సాయంత్రం ఆరు, రాత్రి పన్నెండు, పొద్దున ఆరు, ఇవాళ మధ్యాహ్నం పన్నెండు. నాలుగు పూటలు, పూటకి రెండు. నా చేత్తో నేనే వేశాను. ఎదురుగా నిలబడి నీళ్లు తాగించాను. టిక్కు కూడా పెట్టాను, చూసుకో!"

ఎర్ర ఇంకుతో నాలుగు టిక్కులున్నాయి. ఎవరూ వేలెత్తి చూపలేని టిక్కులు.

కోడలు వంటింట్లోకి వెళ్లి సర్జనుకి ఫోను చేసింది. ఆయన అంతా విన్నాడు.

"మాత్రలు పడుతున్నాయా సిస్టర్?"

"నాలుగు పూటలూ పడ్డాయి సార్."

అవతల ఆయన కేసు కాగితాలు తిరగేస్తున్న చప్పుడు.

"మాత్రలు పడకపోతే ఈ నొప్పికి నేను ఆశ్చర్యపోను. మత్తు దిగింది అనుకుంటాను. పడ్డా ఇలా ఉందంటే నాకు నచ్చట్లేదు. లోపల పైత్యరసం కారుతోందేమో చూడాలి. తీసుకొచ్చెయ్యి, స్కాను చేద్దాం. తేడా ఉంటే మళ్లీ లోపలికి వెళ్లాల్సిందే."

"రంధ్రాలతోనేనా సార్?"

"మాటివ్వలేను. ఈసారి పొట్ట కోయాల్సి రావచ్చు."

వెనక్కి తిరిగేసరికి ఆడపడుచు గుమ్మంలోనే ఉంది. ఆవిడ పక్కన, పనిముట్ల సంచీ భుజాన్నుంచి దించకుండానే, కోడలి మొగుడు. ఇద్దరూ విన్నారు.

"మళ్లీ కోస్తారా?" అన్నాడతను.

"చూడాలన్నారు. అంతే."

"నేను మొదటినుంచీ మొత్తుకున్నాను" అంది ఆడపడుచు. "పెద్ద హాస్పిటల్లో చేయిద్దాం, నాలుగు రోజులుంచుకొని పంపుతారు అన్నాను. విన్నారా? పొద్దున చేసి సాయంత్రానికి పంపేస్తారట, నొప్పే తెలియదట! అక్కడ పనిచేస్తున్నావు కాబట్టి నీ మాటే వేదం!"

"మత్తు సూదులతో నొప్పి తెలియదనే అన్నాను వదినా. అబద్ధం చెప్పలేదు. నాలుగు రంధ్రాల దగ్గరా వేశారు, లోపల పిత్తాశయం తీసిన చోటా చల్లారు. పన్ను పీకేముందు దవడకి వేస్తారే, అలాంటిదే. ఇంకాస్త ఎక్కువసేపు ఉంటుంది. ఎనిమిది గంటలు, మహా అయితే పన్నెండు. అది దిగేలోపు మాత్రలు అందుకోవాలి. అందుకే నొప్పి ఉన్నా లేకపోయినా గడియారం చూసి వేయమన్నాను."

"వేశాంగా మరి!"

"వేశారు" అంది కోడలు నీరసంగా.

"ఆ మత్తు వేయమని డాక్టర్ని అడిగింది నువ్వే కదా?" మొగుడి గొంతులో కోపం లేదు. పోట్లాడే ఓపిక కూడా లేదు. రాత్రంతా తల్లి మంచం పక్కన కుర్చీలో కూర్చొని, తెల్లారగానే పనికి పోయి వచ్చాడు.

"నేనే అడిగాను."

"లోపల ఏదైనా జరుగుతుంటే, ఆ మత్తు వల్లే మనకి తెలియకుండా పోయిందా?"

పదేళ్లలో వందలమంది పక్కన నిలబడి మత్తుమందు గిన్నె అందించింది కోడలు. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. కాదు అని చెప్పాలనుంది. కానీ అది తనకీ తెలియదు.

"టాక్సీ పిలువు తమ్ముడూ" అంది ఆడపడుచు. "ఇక్కణ్నుంచి హాస్పిటలు. హాస్పిటల్నుంచి నేరుగా మా ఇంటికి. అమ్మని ఇక ఈ ఇంటికి పంపను. చేసిన వైద్యం చాలు."

"మరి మిషనో?"

ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. మంచం మీంచి అత్తగారి గొంతు.

"మా ఇంట్లో మిషనుకి చోటెక్కడిదమ్మా? మనుషులకే లేదు. ఇంకెన్నాళ్లు తొక్కుతావు, ఎవరికోసం తొక్కుతావు?"

అత్తగారు కళ్లు మూసుకుంది.

మొగుడు టాక్సీకని కిందికి దిగాడు. ఆడపడుచు లోపలి గదిలో అలమర తెరిచి బట్టలు సర్దసాగింది. ఒక్కో తలుపూ దబదబా మూస్తోంది, ప్రతి చప్పుడూ కోడలికే.

"అత్తయ్యా, గౌను మార్చాలి. స్కానుకి ముందు గుండీలున్న చొక్కా అయితే సులువు."

చొక్కా దొరికింది. దానికి నడిమి గుండీ లేదు. ఊరందరికీ గుండీలు కుట్టే మనిషి తన చొక్కాకి కుట్టుకోలేదు. పిన్నీసు కోసం కోడలు మిషను దగ్గరికి వెళ్లింది. అప్పుడు చూసింది, బొమ్మకి తొడిగిన కోటుకి ఎడమ చెయ్యి వచ్చి ఉంది. నిన్న పొద్దున హాస్పిటలుకి వెళ్లేటప్పుడు ఆ కోటుకి రెండు చేతులూ లేవు.

అదేమిటో ఆలోచించేలోపే కోడలి చెయ్యి గుండీల డబ్బా మీద పడింది.

"ఆ డబ్బా తీయకు! పిన్నీసు కిటికీలో ఉంది!"

ఇందాకటిదాకా తల కూడా తిప్పలేని మనిషి మోచేతి మీద లేచింది. లేచి, కళ్లు గట్టిగా మూసుకొని మళ్లీ వాలిపోయింది. కోడలు డబ్బా మూత తీసింది.

నల్ల కోటు గుండీలు, తెల్ల చొక్కా గుండీలు, హుక్కులు. వాటి మధ్య సున్నం ఉండల్లాగా ఏవో. తడిసి, ఆరి, గుండీలకి అంటుకుపోయాయి. లెక్కపెట్టింది. ఎనిమిది.

నాలుగు పూటలు, పూటకి రెండు.

కోడలు డబ్బా పట్టుకొని మంచం పక్కన చతికిలబడింది. పెదాల మధ్య మూడు గుండుసూదులు, బుగ్గలో రెండు పెట్టుకొని, గిరాకీతో గంటసేపు బేరం చేయగల మనిషి ఆవిడ. నలభై ఏళ్ల అలవాటు. అలాంటి నోటికి రెండు మాత్రలు బుగ్గన పెట్టుకొని, నీళ్లు తాగి, కూతుర్ని ఆశీర్వదించడం కూడా ఒక లెక్కా? చేదుకి మొహం కూడా మార్చుకొని ఉండదు.

"ఎందుకత్తయ్యా?" గొంతు తగ్గించి అడిగింది. లోపలి గదిలో అలమర ఇంకా దబదబలాడుతోంది.

"నొప్పి లేదుగా మొదట" అంది అత్తగారు, కప్పు వైపే చూస్తూ. "లేని నొప్పికి మందేమిటి?"

"వస్తుందని చెప్పాను కదా."

"చెప్పావు. నిన్న సాయంత్రం గిల్లి చూసుకున్నానే. ఎవరి పొట్టో గిల్లినట్టుంది. నాది కానట్టుంది. నాకది నచ్చలేదు. కుట్టేటప్పుడు నేను వేలికి తొడుగెప్పుడూ వేసుకోలేదు. తెలుసుగా? సూది గుచ్చుకుంటేనే అదెక్కడుందో తెలిసేది. ఆ మత్తు మీద మళ్లీ మాత్రలు కూడానంటే, లోపల వీళ్లేం కుట్టారో, ఎలా కుట్టారో నాకెలా తెలుస్తుంది?"

"సరే, నొప్పి వచ్చాకైనా వేసుకోవచ్చుగా!"

"అప్పుడు మింగితే, అంతకుముందువి మింగలేదని మీ వదినకి తెలిసిపోదూ?"

కోడలికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ పూర్తిగా రాలేదు. రాత్రంతా కొడుకు పక్కనే ఉండగా, మందు చుక్క లోపలికి పోకుండా, పళ్ల బిగువున పడుకుంది ఈవిడ. తెల్లారాక మంచం కూడా దిగింది.

"ఆ కోటు చెయ్యెప్పుడు కుట్టారు?"

"పొద్దున మీ వదిన స్నానానికెళ్లినప్పుడు. ఎడమదొక్కటే."

"అత్తయ్యా!"

"ఎల్లుండికి ఇస్తానని మాటిచ్చా."

కోపం రావాలి. దానికి బదులు గుండెల మీంచి ఏదో బరువు దిగినట్టయింది. మాత్రలు పడలేదు. పడకపోతే ఆశ్చర్యపోనని సర్జనే అన్నాడు. ఇది ఉత్త మత్తు దిగిన నొప్పే కావచ్చు. స్కాను వద్దు, కోత వద్దు. కోడలు కొత్త అట్ట చింపి రెండు మాత్రలు ఆవిడ నోట్లో వేసి నీళ్లు పట్టించింది.

"నోరు తెరవండి. నాలుకెత్తండి. బుగ్గ చూపించండి. రెండోది."

చంటిపిల్లలా అన్నీ చూపించి, అత్తగారు కోడలి మణికట్టు పట్టుకుంది.

"దానికి చెప్పకు. చెప్తే నన్ను తీసుకుపోతుంది. మిషను పోయినట్టే. ఆ మిషను లేకపోతే నేనెవర్నే?"

"చెప్పను."

అలసిపోయిన మనిషి ఇచ్చే మాట అది, ముందూ వెనకా చూసుకోకుండా. కోడలు డబ్బా మూత పెట్టేసింది.

మొగుడు మెట్లెక్కి వచ్చాడు. "టాక్సీ కింద ఉంది. కుర్చీలో కూర్చోబెట్టి దింపుదాం. నేను ఓవైపు, పక్కింటాయన ఓవైపు."

"ఒక్క గంట ఆగుదాం" అంది కోడలు.

ఆడపడుచు సంచీతో బయటికొచ్చింది. "ఏమిటీ?"

"ఒక్క గంట చూద్దాం వదినా. మళ్లీ మాత్రలు వేశాను."

"పన్నెండుకి వేస్తే మూడున్నరకి మళ్లీనా? ఆరు గంటలకోసారి అని రాసింది నువ్వే కదమ్మా! డాక్టరు తీసుకురమ్మన్నాడని చెప్పిందీ నువ్వే. ఇప్పుడు ఆగమంటోందీ నువ్వే!"

"కారణం ఉంది."

"ఏమిటో చెప్పు."

కోడలు వంగి దుప్పటి సర్దింది.

"నేను చెప్తాను. తీసుకెళ్తే అక్కడ తప్పు తేలుతుంది. నీ హాస్పిటలు తప్పు, నీ మత్తు తప్పు. అది తేలకూడదు. అంతేగా?"

"నిన్న నీ మాట మీదే సంతకం పెట్టాను" అన్నాడు మొగుడు. "ఒక్క ప్రశ్న వేయలేదు. ఇవాళ ఒక్కటి అడుగుతున్నా. ఎందుకు ఆగాలి?"

కోడలు అతని వైపు చూసింది. మంచం వైపు చూసింది. అత్తగారి కళ్లు మూసే ఉన్నాయి, కానీ ఆ చెవులు ఎంత తెరుచుకొని ఉన్నాయో ఆవిడకి తెలుసు.

"అరగంట ఇవ్వండి. అరగంటే."

అతను పనిముట్ల సంచీ దించి కత్తిరింపు బల్ల మీద కూర్చున్నాడు. అది ఒప్పుకోవడం కాదు, నిలబడలేకపోవడం. ఆడపడుచు మొహం గంటు పెట్టుకొని కుర్చీలాక్కుంది. నోటుబుక్కు తెరిచి 'మూడున్నర' అని రాసింది. దాని పక్కన టిక్కు మాత్రం పెట్టలేదు.

కింద టాక్సీ ఒకసారి హారను కొట్టింది. కోడలు అత్తగారి మణికట్టు పట్టుకొనే కూర్చుంది. నూట నాలుగు. నూట రెండు. పది నిమిషాలకి మళ్లీ నూట నాలుగు.

అప్పుడు మెల్లగా భయం పట్టుకుంది. మాత్రలు పడలేదు, సరే. కానీ ఈవిడ పచ్చి కుట్లతో కూర్చొని మిషను తొక్కింది కూడా. లోపల నాళం మూస్తూ వేసిన క్లిప్పు కదిలి, పైత్యరసం కారుతుంటే? నొప్పి ఒకటే, కారణాలు రెండు. ఏది ఏదో చెప్పగలిగిన మనిషి ఒక్కతే. ఆ మనిషి పుట్టి బుద్ధెరిగి నొప్పి సంగతిలో నిజం చెప్పలేదు.

గడియారంలో నాలుగైంది.

"ఎలా ఉంది అత్తయ్యా?"

అత్తగారు కళ్లు తెరిచి నవ్వింది కూడా. "తగ్గిందమ్మా. చాలా తగ్గింది. హాయిగా ఉంది. ఆ టాక్సీవాణ్ని పంపించెయ్యండి, పాపం ఎంతసేపు ఉంటాడు?"

మొగుడు గట్టిగా ఊపిరి వదిలి లేచాడు. ఆడపడుచు కూడా, కోపమంతా పక్కనపెట్టి, చేతిరుమాలుతో కళ్లద్దుకుంది. "నిజంగానా అమ్మా?"

"నిజంగానే."

ఎంత బాగా చెప్పింది! నాలుగు పూటలూ మింగానని కూతుర్ని నమ్మించినప్పుడూ ఈ గొంతుతోనే, ఈ నవ్వుతోనే చెప్పి ఉంటుంది. కోడలి వేళ్ల కింద నాడి నూట ఎనిమిది కొట్టుకుంటోంది. దుప్పటి కింద అత్తగారి రెండో చెయ్యి ఎక్కడుందో కనిపించడం లేదు.

ఊరుకుంటే ఈ పూటకి గెలిచినట్టే. వదిన నోరు మూతపడుతుంది, మొగుడి మొహం తేటపడుతుంది, మిషను కిటికీ పక్కనే ఉంటుంది. రేపటికి మనిషి ఉంటే.

"ఆగండి" అంది కోడలు, అప్పటికే గుమ్మం దాటబోతున్న మొగుడితో.

లేచి వెళ్లి గుండీల డబ్బా తెచ్చి కత్తిరింపు బల్ల మీద బోర్లించింది. గుండీలు దొర్లి నేలంతా పరుచుకున్నాయి. తెల్ల ఉండలు దొర్లలేదు. అవి గుండీలకి అతుక్కొని బల్ల మీదే ఉండిపోయాయి.

"ఎనిమిదున్నాయి. నాలుగు పూటలవీ. ఒక్కటి కూడా మింగలేదు. పొద్దున మిషను కూడా తొక్కింది. మీకు చెప్పనని మాటిచ్చాను. తప్పుతున్నాను."

ఆడపడుచు ఆ ఉండల్ని చూసింది, చేతిలో ఎర్ర టిక్కుల్ని చూసింది. ఇరవై రెండేళ్ల పంతులమ్మ మెల్లగా నోటుబుక్కు మూసేసింది. మొగుడు బల్ల అంచు పట్టుకొని నిలబడ్డాడు.

అత్తగారు మాత్రం కోడల్నే చూస్తోంది. ఆ చూపు భరించడం కంటే వదిన తిట్లు నయం.

కోడలు మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

"నన్ను తర్వాత తిట్టండి. మిషను ఎక్కడికీ పోదు, దానికోసం నేను పోట్లాడతాను. ఇప్పుడు నిజం చెప్పండి. నొప్పి భుజంలో అయితే ఆపరేషనప్పుడు పొట్టలోకి ఎక్కించిన గాలి వల్ల, రెండ్రోజుల్లో పోతుంది. పైన కుట్ల దగ్గరైతే మత్తు దిగిన నొప్పి, మాత్రలకి లొంగుతుంది. లోపల, కుడి డొక్క కింద అయితే మనం ఇప్పుడే బయల్దేరాలి. అది నాకు తెలియదు అత్తయ్యా. డాక్టరుకీ తెలియదు. మీకొక్కరికే తెలుసు."

కింద హారను మళ్లీ మోగింది, ఈసారి విసుగ్గా. అత్తగారి కింది పెదవి వణికింది. దాన్ని పళ్లతో పట్టుకోబోయి, ఎందుకో మానేసింది.

"నొప్పిగా ఉందే" అంది.

కొడుకు తల తిప్పుకున్నాడు. కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పుట్టి ఇన్నేళ్లొచ్చాక ఇద్దరూ ఆ మాట మొదటిసారి వింటున్నారు.

"ఎక్కడత్తయ్యా?"

దుప్పటి మెల్లగా కదిలింది. వేళ్ల కొసలనిండా సూది పోట్ల నల్లమచ్చలున్న చెయ్యి ఒకటి, చోటు వెతుక్కుంటూ, బయటికొచ్చింది.